ట్రైలరు వించికి స్టీలు వైరు బదులు సింథటిక్ తాడు: ఒక పడవ, మూడు వైఫల్యాలు

ఈ కేసులో తాడు ఎందుకు తెగిందో నేను రెండు వారాల పాటు తప్పుగా నమ్మాను. ఆ నమ్మకంతోనే కొత్త తాడు కూడా తెప్పించాను. అది బిగించి ఉంటే మళ్లీ అక్కడే తెగేది. అందుకే ఈ కేసును పూర్తిగా రాసి పెడుతున్నాను. యజమానిని గుర్తుపట్టే వివరాలు, ఊరి పేరు వదిలేశాను. కొలతలు మాత్రం మా షాపు పుస్తకంలో రాసుకున్నవే.

నేపథ్యం

నేను ఒమన్ తీరంలో పడవలు, వాటి ట్రైలర్లు బాగుచేసే చిన్న షాపులో పద్నాలుగేళ్లుగా పనిచేస్తున్నాను. మా కోనసీమలో పడవను ఒడ్డుకు చేర్చాలంటే పదిమంది భుజం కలపాలి, లేదంటే ట్రాక్టరు రావాలి. ఇక్కడ మాత్రం సరదాకు వేటకెళ్లేవాళ్లు పడవను ఇంటి ముందే ట్రైలరు మీద ఉంచుకుని, సెలవు రోజున జీపు వెనక తగిలించుకుని ర్యాంపు దాకా తెచ్చి నీళ్లలోకి దించుతారు. తిరిగి వచ్చాక ట్రైలరు ముందు భాగంలో ఉండే చేతి వించిని తిప్పి పడవను పైకి లాక్కుంటారు. ఈ మొత్తం ఏర్పాటులో పడవ బరువును మోసేది ఆ వించికి చుట్టిన కొద్ది మీటర్ల తాడో వైరో మాత్రమే.

ఈ పడవ 21 అడుగుల ఫైబర్ పడవ. ఇంజను, ఇంధనం, వల, మంచు పెట్టె కలిపి తూకం సుమారు 1,500 కిలోలు. ముందు పడవ ముక్కు ఆనే రోలరు తప్ప ట్రైలరుకు వేరే రోలర్లు లేవు. పడవ అడుగు ఆనడానికి కార్పెట్ చుట్టిన రెండు పొడవాటి చెక్క బల్లలున్నాయి. వించి చేతితో తిప్పేది, ర్యాచెట్ రకం (పళ్ల చక్రానికి నాలుక అడ్డుపడి వెనక్కి తిరగకుండా ఆపేది), 1,600 పౌండ్ల సామర్థ్యం అని దాని మీదే అచ్చు వేసి ఉంది, అంటే 725 కిలోలు. ఆ అంకె ఏ షరతు మీద నిజమో తర్వాత చెబుతాను.

సమస్య

మే నెల మధ్యలో యజమాని అరచేతికి కట్టు కట్టుకుని వచ్చారు. వించిలో వైరు చుట్టుకునే డ్రమ్ము మీద 6 మిల్లీమీటర్ల గాల్వనైజ్డ్ వైరు ఉంది. లోపలి పోగులు తుప్పు పట్టి, పైపోగులు నాలుగు చోట్ల తెగి, ముళ్లలా పైకి లేచి ఉన్నాయి. వాటిలో ఒకటి గ్లౌజు లేని చేతిలోకి దిగింది. దానికి తోడు ఈ మధ్య పడవను లాగడం బాగా కష్టమైపోయిందని, హ్యాండిల్‌కు ఇనుప పైపు తొడిగి మరీ తిప్పుతున్నానని చెప్పారు. ఆయన అడిగింది ఒక్కటే: "ఈ వైరు తీసేసి నైలాన్ తాడు వేయండి."

పైపు సంగతి విన్నప్పుడే నేను ఆగి ఆలోచించి ఉండాల్సింది. నా దృష్టి మాత్రం చేతి గాయం మీద, తుప్పు మీద ఉండిపోయింది. లాగడం ఎందుకు కష్టమైందన్న ప్రశ్నకు తుప్పే జవాబనుకుని దాటిపోయాను.

ఏ తాడు అనే నిర్ణయం

మా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది స్టీలు కాని ప్రతి తాడునూ నైలాన్ అనే అంటారు. అసలు నైలాన్‌ను నేను వించి మీద వేయను. లంగరుకు దాన్ని మించింది లేదు, ఎందుకంటే అది సాగి అల కుదుపును మింగుతుంది. వించి మీద ఆ సాగే గుణమే ప్రమాదం. అది బరువు కింద రబ్బరులా శక్తిని దాచుకుంటుంది, తెగితే కొసన ఉన్న హుక్కును ఆ శక్తితోనే వెనక్కి విసురుతుంది. పైగా తడిసినప్పుడు దాని బలం పదో వంతుకు పైగా తగ్గుతుంది. చేపల మార్కెట్లో చవకగా దొరికే పాలీప్రొపిలీన్ తాడు నీటి మీద తేలుతుంది గాని ఇక్కడి ఎండకు త్వరగా పెళుసెక్కుతుంది. పాలియెస్టర్ ఎండను బాగా తట్టుకుంటుంది, కాని ఈ బరువుకు తగిన బలం రావాలంటే లావు తాడు కావాలి, అది ఈ చిన్న డ్రమ్మును వెంటనే నింపేస్తుంది. అల్లిన పాలియెస్టర్ పట్టీ వేయవచ్చు. చిన్న పడవలకు అదే మేలని ఇప్పటికీ నా అభిప్రాయం. అయితే పట్టీ ప్రతి చుట్టూ ముందు చుట్టు మీదే పడుతుంది కాబట్టి దానికి వెడల్పు తక్కువ డ్రమ్ము ఉన్న వించి కావాలి, ఆ ఖర్చు అప్పట్లో ఆయనకు ఇష్టం లేకపోయింది.

చివరికి డైనీమా, స్పెక్ట్రా వంటి పేర్లతో అమ్మే పాలిథిలీన్ జాతి తాడును ఎంచుకున్నాను. పన్నెండు పాయలుగా అల్లిన 6 మిల్లీమీటర్ల తాడు మూడున్నర టన్నుల పైచిలుకు దాకా తెగదు. అదే లావు స్టీలు వైరులో దాదాపు ఏడో వంతు బరువే ఉంటుంది, నీటి మీద తేలుతుంది, తుప్పు అనే మాటే లేదు, చేతిలో ముళ్లు దిగవు. చాలా తక్కువ సాగుతుంది కాబట్టి నైలాన్ అంత ఉధృతంగా వెనక్కి కొట్టదు. దీనికున్న బలహీనతలు కూడా నాకు తెలుసు: మెటీరియల్ జారుడు, సుమారు 145 నుంచి 150 డిగ్రీల వేడికి కరిగిపోతుంది, 70 డిగ్రీలు దాటిన వేడిలో బరువు మోయించకూడదు, పదునైన అంచు తగిలితే తెగుతుంది. ఇవన్నీ తెలిసి కూడా ఆ రోజు చేసిన పని తెలియనివాడు చేసే పనిలాగే ఉంది. వైరు విప్పాను, పొట్లంలో వచ్చిన పది మీటర్ల తాడును పూర్తిగా చుట్టాను, వైరు కోసం పెట్టిన పాత క్లాంపు కిందే కొసను బిగించాను, రెండో కొసకు హుక్కును బౌలైన్ ముడితో (బిగుసుకుపోని ఉచ్చు వేసే ముడి) కట్టాను.

మొదటి వైఫల్యం: ముడి

అది ఆ సాయంత్రమే బయటపడింది, అదీ షాపులోనే. అప్పగించే ముందు హుక్కును స్తంభానికి తగిలించి, మధ్యలో క్రేను తూకం పెట్టి, వించి తిప్పాం. ముల్లు 180 కిలోల దగ్గరికి వచ్చేసరికి ముడి మెల్లగా కరిగిపోతున్నట్టు జారి, చూస్తుండగానే కొస బయటికి వచ్చేసింది. నాతో పనిచేసే శ్రీకాకుళం కుర్రాడు వేటాడే కుటుంబంలో పుట్టినవాడు. చేతిలో ముడి ఎప్పుడూ జారనివాడు ఆ తాడును రెండు వేళ్ల మధ్య రాసి చూసి, "మేస్త్రీ గారూ, ఇది తాడు కాదండీ, వెన్నపూస" అన్నాడు.

ఈ రకం తాడుకు మామూలు ముడి పనికిరాదు. జారని ముడి వేసినా మెలిక పడిన చోట బలం సగానికో ఇంకా కిందికో పడిపోతుంది. దీనికి చేయాల్సింది స్ప్లైసు, అంటే తాడు కొసను తాడు కడుపులోకే దూర్చి కంటిని, అంటే హుక్కు పట్టే ఉచ్చును, చేయడం. పన్నెండు పాయల తాడు లోపల డొల్ల. రెండు వైపుల నుంచి నొక్కితే అల్లిక వదులై నోరు తెరుస్తుంది, లాగితే బిగిసి లోపలున్నదాన్ని పట్టుకుంటుంది. ఎంత ఎక్కువ లాగితే అంత గట్టిగా పట్టుకోవడమే ఈ ఏర్పాటు కిటుకు. కాబట్టి లోపలికి దూర్చే పొడవు చాలినంత ఉండాలి. తాడు మందానికి 72 రెట్లన్నది మేం పాటించే లెక్క. 6 మిల్లీమీటర్లకు 432 మిల్లీమీటర్లు వస్తుంది, నేను 450 దగ్గర గుర్తు పెట్టాను. దూర్చే కొసను మొద్దుగా వదలకుండా, చివరి జానెడు మేర పాయలను జంటలు జంటలుగా వేర్వేరు చోట్ల కత్తిరించి ఎలుక తోకలా సన్నం చేశాను. లేకపోతే లోపలి తాడు ఆగిన చోట పైఅల్లిక ఒక్కసారిగా సన్నబడి, అక్కడే బలహీనమవుతుంది. కన్ను లోపలి వైపు ఒరిసిపోకుండా స్టీలు థింబుల్ (గాడి ఉన్న తొడుగు) పెట్టి, బరువు లేనప్పుడు కొస బయటికి పాకకుండా మైనం పట్టించిన దారంతో అడ్డంగా నాలుగు కుట్లు వేశాను. తర్వాత 600 కిలోల దాకా లాగినా కన్ను కదల్లేదు. ఈ కేసు మొత్తంలో మొదటిసారికే సరిగ్గా కుదిరిన పని ఇదొక్కటే.

రెండో వైఫల్యం: చుట్టు

మూడు వారాల తర్వాత యజమాని ఫోను చేశారు. పడవను నీళ్లలోకి దించుతుంటే వించి నుంచి తాడు బయటికి రావడం ఆగిపోయిందట, తర్వాత ఒక్క కుదుపుతో విడుదలై పడవ అరమీటరు జారిందట. చూడకుండానే అర్థమైంది. పై చుట్టు బరువు మీద ఉన్నప్పుడు కింది వదులు చుట్ల మధ్యలోకి దిగబడి ఇరుక్కుపోయింది. మెత్తగా ఉండే సింథటిక్ తాడుకు ఇది బాగా అలవాటు, నేను దాన్ని చేత్తో వదులుగా చుట్టి ఇచ్చాను.

మొత్తం విప్పి, హుక్కును స్తంభానికి తగిలించి, ఖాళీ ట్రైలరునే తన వించితో తాను స్తంభం వైపు లాక్కునేలా చేశాం. చక్రాల కింద సన్నని చెక్కలు పెట్టడంతో తాడు మీద ఓ మాదిరి బరువు పడింది. కుర్రాడు గ్లౌజు వేసుకుని చుట్టు పక్కన చుట్టు పడేలా తాడును నడిపాడు. దిగబడడం ఆ తర్వాత ఎప్పుడూ జరగలేదు. అయితే ఆ రోజు తాడు విప్పినప్పుడు డ్రమ్మును ఆనుకున్న మొదటి నాలుగు చుట్లు అద్దంలా మెరుస్తూ కాస్త గట్టిపడి ఉండడం చూశాను. ఎండ వేడికి అలా అయ్యిందనుకున్నాను. ఆ మధ్యాహ్నం నల్ల రంగు డ్రమ్ము మీద థర్మామీటరు 68 డిగ్రీలు చూపించింది కాబట్టి అలా అనుకోవడం తేలికైంది.

మూడో వైఫల్యం: తెగడం

ఒమన్‌లో వంజరం చేప వేటకు ఏటా ఆగస్టు 15 నుంచి అక్టోబరు 15 వరకు నిషేధం ఉంటుంది. ఈ యజమాని వెళ్లేది ముఖ్యంగా వంజరం కోసమే కాబట్టి పడవ ఆ రెండు నెలలూ ఇంటి ముందు ఎండలోనే, వించి తాడు పడవ ముక్కు దగ్గరి కడియానికి బిగించి ఉండగానే నిలబడింది. నిషేధం ముగిశాక రెండో సెలవు రోజున, పడవ ముప్పావు వంతు బల్లల మీదికి ఎక్కాక తాడు తెగింది. పడవ వెనక్కి జారి నీళ్లలో పడింది, అడుగున ఒక చోట జెల్‌కోటు, అంటే ఫైబర్ మీది పైపూత, లేచిపోయింది. అదృష్టవశాత్తు వెనక ఎవరూ నిలబడి లేరు. నిలబడవద్దని నేను చెప్పి ఉన్నానని ఇక్కడ రాయాలని ఉంది, చెప్పలేదు.

హుక్కుతో మిగిలిన ముక్క సుమారు 40 సెంటీమీటర్లు. నేను దాన్ని చేతిలో తీసుకుని, పాలిపోయిన రంగు, పైన లేచిన నూగు చూసి ఎండే దీన్ని తినేసిందని తేల్చేశాను. పై తొడుగు ఉన్న ఖరీదైన తాడు తెప్పించాను. అది రావడానికి పట్టిన రెండు వారాల్లో ఆ ముక్క నా బల్ల మీదే పడి ఉంది. ఒకరోజు ఏమీ తోచక భూతద్దం కింద పెట్టాను. అప్పుడు కనిపించినవి మూడు రకాల పోగులు. ఒక పక్కనున్న నాలుగైదు పాయలు కత్తితో కోసినట్టు ఒకే ఎత్తులో తెగి ఉన్నాయి. వాటి పక్కవి పొడవులో తేడాలతో సాగి, కొసలు దూదిలా విచ్చుకుని ఉన్నాయి; ఇవి బరువు తట్టుకోలేక చివర్లో తెగినవి. పైనున్న నూగులో ఉప్పు పలుకులు, సన్నని ఇసుక చిక్కుకుని ఉన్నాయి. ఎండ దెబ్బ తిన్న తాడులో పైపొర చుట్టూ సమానంగా పొడిబారి గోరుతో గీకితే రాలాలి. ఇక్కడ నూగు కింద లోపలి పోగులు ఇంకా మెరుస్తున్నాయి. ఈ జాతి తాడులో పైకి లేచే సన్నని నూగు కొంతవరకు లోపలి పోగులకు కవచంలా పనిచేస్తుంది కూడా. ఎండ కొంత బలం తీసి ఉండవచ్చు, కాని ఆ నాలుగైదు పాయలను కోసింది ఎండ కాదు.

కోసిందేమిటో కుర్రాడు కనిపెట్టాడు. ప్రథమ చికిత్స పెట్టెలోంచి ఇంత దూది తీసుకుని ట్రైలరు మీద తాడు వెళ్లే దారి పొడవునా, డ్రమ్ము నుంచి ముందు రోలరు దాకా, మెల్లగా రాసుకుంటూ వెళ్లాడు. దూది పట్టుకున్న ప్రతి చోటా సుద్దతో గుర్తు పెట్టాడు. ఆరు గుర్తులు వచ్చాయి. ముక్కు రోలరును పట్టి ఉంచే స్టీలు బ్రాకెట్ అంచున మూడు, డ్రమ్ము అంచు పలకల లోపలి వైపు రెండు, పాత క్లాంపు మూల మీద ఒకటి. ఏళ్ల తరబడి స్టీలు వైరు ఒరుసుకుని చేసిన గాట్లు అవి; స్టీలుకు స్టీలు తగిలినప్పుడు వాటి వల్ల నష్టం లేదు. పడవ పూర్తిగా పైకి వచ్చి ఆగినప్పుడు హుక్కు నుంచి 40 సెంటీమీటర్ల దూరంలో తాడు సరిగ్గా ఆ బ్రాకెట్ అంచు మీద ఆనుతుంది. యజమాని ప్రయాణమంతా పడవను ఆ తాడు బిగువు మీదే నిలబెట్టేవారు. పడవ ముక్కును ట్రైలరుకు పట్టే గొలుసు ఉంది గాని వదులుగా వేలాడేది. రోడ్డు మీద ప్రతి గతుకుకూ పడవ ముక్కు కాస్త ఊగడం, తాడు ఆ అంచు మీద రంపంలా ఆడడం ఇంటికి, ర్యాంపుకు మధ్య ప్రతి సెలవు రోజూ జరిగేది.

డ్రమ్ము దగ్గరి అద్దపు మెరుపుకు కూడా అప్పుడే అర్థం దొరికింది. పడవ పూర్తిగా నీళ్లలోకి దిగినప్పుడు డ్రమ్ము మీద మూడు నాలుగు చుట్లే మిగిలేలా ఆయన తాడు వదిలేవారు. స్టీలు వైరుకు అది సరిపోతుంది. ఇంత జారుడు తాడుకు ఆ చుట్ల ఒరిపిడి చాలక డ్రమ్ము మీదే జారి, ఆ ఒరిపిడి వేడికి పైపోగులు అక్కడక్కడ కరిగి అతుక్కున్నాయి. 68 డిగ్రీల వేడికి ఇది కరగదని నాకు అంతకుముందే తెలిసి ఉండాలి. తెలుసు కూడా, కాని అద్దం మెరుపును ఆ లెక్కతో పక్కపక్కన పెట్టి చూసుకోలేదు.

పైపు లెక్క

తెగిన కారణం తేలాక, ఆయన హ్యాండిల్‌కు పైపు ఎందుకు తొడగాల్సి వస్తోందన్న పాత ప్రశ్నకు తిరిగి వచ్చాను. వించి మీద అచ్చు వేసిన 725 కిలోలు డ్రమ్ము మీద మొదటి వరుసకు మాత్రమే వర్తించే లెక్క. ఈ డ్రమ్ము బోదె, అంటే తాడు చుట్టుకునే నడిమి గొట్టం, వ్యాసం 38 మిల్లీమీటర్లు. మొదటి వరుసలో తాడు మధ్యరేఖ బోదె కేంద్రం నుంచి 22 మిల్లీమీటర్ల దూరంలో ఉంటుంది. పది మీటర్ల తాడు వేస్తే పడవ పూర్తిగా పైకి వచ్చేసరికి ఐదో వరుస నడుస్తుంటుంది, అప్పుడు ఆ దూరం 46 మిల్లీమీటర్లు. చేతి బలం అంతే, గేరు అంతే. లాగే శక్తి మాత్రం సుమారు 347 కిలోలకు పడిపోతుంది. పడవ నీళ్లలోంచి ఎక్కువగా బయటికి వచ్చి బరువెక్కేది కూడా సరిగ్గా ఆ చివరి మీటరులోనే. పాత వైరు కూడా పది మీటర్లదే. కాబట్టి లాగడం కష్టమవడానికి తుప్పు కారణం కాదు, అనవసరపు పొడవే కారణం.

క్రేను తూకంతో ర్యాంపు దగ్గరే కొలిచాం. ఆయన అలవాటు ప్రకారం ట్రైలరు చక్రాల ఇరుసు తడవకుండా పైపైన ఆపితే చివరి లాగుడుకు 540 కిలోలు పట్టింది. బల్లల ముందు మూడో వంతు మాత్రమే నీటి పైన కనిపించేంత లోతుకు దించితే అదే పని 210 కిలోలతో అయిపోయింది. ఇంకా లోతుకు వెళ్తే పడవ తేలిపోయి, బల్లల మీద పక్కకు కూర్చుంది. కాబట్టి ఆ మూడో వంతే కొండగుర్తుగా పెట్టుకోమని చెప్పాం. ఇరుసు ఉప్పునీటిలో తడిస్తే బేరింగులు పాడవుతాయని ఆయన భయం. భయం న్యాయమైనదే, అయితే గ్రీజు, మంచినీటి కడుగుడుతో ఆ నష్టాన్ని అదుపులో పెట్టవచ్చు.

చివరికి కుదిరిన ఏర్పాటు

తెప్పించిన ఖరీదైన తొడుగు తాడును వాపసు ఇచ్చి, పాత రకం తాడునే ఆరు మీటర్లకు కొలిచి కోశాను. పడవ నీళ్లలో ఉన్నప్పుడు డ్రమ్ము మీద ఎనిమిది చుట్లు మిగలాలి, మిగిలింది పనికి చాలాలి, అంతకు మించి ఒక్క జానెడు కూడా అక్కర్లేదు. అప్పుడు చివరి లాగుడు మూడో వరుసలో జరుగుతుంది, 469 కిలోల దాకా పైపు అవసరమే రాదు. గాట్లన్నింటినీ ముందు ఆకురాయితో, తర్వాత ఎమెరీ కాగితంతో నునుపు చేసి, దూది ఎక్కడా పట్టుకోనంతవరకు ఆపలేదు. బ్రాకెట్ అంచును గ్రైండరుతో గుండ్రంగా తిప్పాం, రోలరు మార్చాం. పాత క్లాంపు తీసేసి, తాడుకు ఆ కొసన కూడా చిన్న కంటిని అల్లి, నునుపైన వెడల్పాటి వాషరుతో బోల్టు కింద పెట్టాం. రెండు కొసలా కళ్లు ఉండడంలో ఇంకో లాభం ఉంది: ఏడాదికోసారి తాడును తిరగేసి వేస్తే, ఎండలో ఉండి ఒరుసుకున్న భాగం డ్రమ్ము లోపలికి, లోపల దాగిన కొత్త భాగం బయటికి వస్తాయి. హుక్కు వైపు మొదటి మీటరుకు జారే తొడుగు ఒకటి వేశాం, వించికి కాన్వాసు సంచి కుట్టించాం.

అలవాట్లలో ఒక్కటే ముఖ్యం అని నొక్కి చెప్పాను. రోడ్డెక్కే ముందు పడవ ముక్కును గొలుసుతో బిగించి, వెనక రెండు మూలలా పట్టీలు కట్టి, ఆ తర్వాత వించిని ఒక పన్ను వెనక్కి వదిలి తాడు మీద బిగువు లేకుండా చేయాలి. ప్రయాణంలో పడవను పట్టుకోవాల్సింది గొలుసు, పట్టీలు. తాడు కేవలం లాగడానికి. నెలకోసారి తాడును పూర్తిగా విప్పి బకెట్ మంచినీటిలో నానబెట్టి, ఉప్పు, ఇసుక వదిలేలా పిండి, నీడలో ఆరబెట్టి, మళ్లీ బిగువు మీద చుట్టమన్నాను. పెట్రోలు, ఆసిడ్, బ్లీచింగ్ దగ్గరికి రానివ్వొద్దన్నాను. సన్నని నూగుకు కంగారు పడక్కర్లేదు. ఒక పాయ తెగినా, ఒక చోట గట్టిగా మెరిసినా, సన్నబడినా తీసుకురమ్మన్నాను.

హ్యాండిల్ వదిలినా పడవ జారకుండా పట్టే బ్రేకు వించి పెట్టుకోమని కూడా చెప్పాను. ర్యాచెట్ నాలుక ఎత్తి పడవను దించేటప్పుడు హ్యాండిల్ చేయి తప్పితే అది గిర్రున తిరిగి ముంజేయి విరగ్గొట్టగలదు. ఆయన వచ్చే ఏడాది చూద్దామన్నారు. ఆ వచ్చే ఏడాది కూడా గడిచిపోయింది, వించి మాత్రం అదే.

పద్నాలుగు నెలల తర్వాతి తనిఖీలో తాడును ఒకసారి తిరగేసి ఉన్నారు, రెండు కళ్లూ బాగున్నాయి, డ్రమ్ము దగ్గర మెరుపు లేదు. హ్యాండిల్‌కు తొడిగే పైపు జీపులో కనిపించలేదు. కుర్రాడు అలవాటుగా దూది తీసుకుని దారంతా రాస్తే కొత్త రోలరు ఇరుసు కొసన ఒకచోట పట్టుకుంది; ఇరుసు పిన్ను తుప్పెక్కి అంచు లేచింది. పిన్ను మార్చి, ఆ చోట సుద్ద గుర్తు పెట్టి, ఇకమీదట మూడు నెలలకోసారి అక్కడ ముందు చూడాలని పుస్తకంలో రాసుకున్నాం.